బొటనవేలికి బుద్ధి చెప్పు

చిన్నమ్మలూ,

విలువిద్య రాష్ట్ర సెలక్షన్లకు వెళ్తున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. సంతోషం పట్టలేక విలుకారిణి జ్యోతి సురేఖ పేరెత్తింది: 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు, మన బెజవాడ పిల్లే కదా అని. నాకూ గర్వంగానే ఉందమ్మా. కానీ ఆ పేరు రోజూ నీ చెవిలో పోయొద్దని మీ అమ్మకి గట్టిగానే చెప్పాను.

మామూలు సంగతులు ఒక్క ముక్కలో: ఎండ ముదరకముందే సాధన ముగించు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గరుంచుకో, ముందురోజు రాత్రి విల్లుకి కొత్త మార్పులేమీ చెయ్యకు.

నా భయమంతా నీ బొటనవేలి మీదే. నువ్వు పంపిన వీడియోలో చెయ్యి యాంకర్‌కి, అంటే దవడ దగ్గర ఆనే చోటుకి, చేరీ చేరకముందే వేలు ఉలిక్కిపడి రిలీజ్ (తాడుని పట్టి వదిలే చేతి పరికరం) బటన్ నొక్కేస్తోంది. టార్గెట్ ప్యానిక్, అంటే గురి చూడగానే వేలూ చెయ్యీ మాట వినకపోవడం, ఇలాగే మొదలవుతుంది. స్కోపులో (విల్లు మీది గురి అద్దం) చుక్క టార్గెట్ మధ్యలోని పసుపు మీదకి రావడం, వేలు నొక్కడం ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ముదిరితే చుక్క పసుపు దాకా రానే రాదు, కింద ఎరుపులోనే బిగుసుకుపోతుంది. అప్పుడు చాలామంది కొత్త రిలీజ్ కొంటారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత వేలు దానికీ అలవాటు పడుతుంది. డబ్బు దండగ. మనసు గట్టి చేసుకోమని తిట్టుకోవడమూ అంతే. చుక్క కదలకుండా ఆగుతుందని ఎదురుచూడటమే అసలు తప్పు. అది ఎవరికీ ఆగదు. 50 మీటర్లలో 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద పది వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు. అందులో ఆడుతూ ఉంటే ఆడనీ. నీ పని వెన్ను బిగించి లాగుతూనే ఉండటం.

మూడు వారాలు టార్గెట్ కాగితం లేని బట్రెస్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) ముందు మూడు నాలుగు మీటర్లలో నిలబడు. ఎదురుగా గురి సరిచూసుకున్నాకే కళ్లు మూసుకుని, రోజుకి 30 బాణాలు. వారానికే విసుగొచ్చి 50 మీటర్లకి పరిగెత్తుతావు, నాకు తెలుసు. పరిగెత్తకు. తర్వాత 10 మీటర్లలో పెద్ద టార్గెట్, ఆపైన 18, 30. ఎక్కడ వేలు ఉలిక్కిపడితే అక్కణ్నుంచి ఒక మెట్టు వెనక్కి రా.

ఇంతకన్నా ముఖ్యమైనది దించడం. ప్రతి మూడు బాణాల్లో ఒకటి పూర్తిగా గురిపెట్టి, వెయ్యకుండా దించు. వేలు బటన్‌కి దూరంగా, బాణం బట్రెస్ వైపే. కప్పీలుండే కాంపౌండ్ విల్లు కదా, పట్టు వదిలితే విల్లు చేతుల్ని ముందుకి ఒక్కసారిగా లాగేస్తుంది, భుజం జాగ్రత్త తల్లీ. గురిలో ఏడెనిమిది సెకన్లు దాటితే చెయ్యి వణుకుతుంది, చూపు మసకబారుతుంది. అలాంటప్పుడు వేసేసిన బాణమే ఎనిమిదికి పోతుంది.

ఒకరి తర్వాత ఒకరు వేసే మ్యాచ్‌లో బాణానికి 20 సెకన్లే. అందుకే ఇంట్లో టైమర్ పెట్టుకుని, ఒకసారి దించి మళ్లీ ఎక్కుపెట్టి వెయ్యడం ఆ 20 సెకన్లలోనే అలవాటు చేసుకో. ఎక్కుపెట్టే ముందు నిదానంగా ఒక శ్వాస వదులు, లోపల ‘లాగు’ అనుకో, వేరే మాటొద్దు. 15 బాణాల మొత్తం స్కోరు నువ్వు లెక్కపెట్టకు, బోర్డు చూడకు. నోట్సులో స్కోరు బదులు ఎన్ని బాణాలు వేలు కావాలని నొక్కకుండా, లాగుడుకే వెళ్లాయో రాయి, ఆదివారం నాకు ఫోటో తీసి పంపు.

మీ నాన్నని వెనకాల నిలబడి మార్కులు చదవొద్దని చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను.

నీ మావయ్య