టెక్ సందేహాలు: వేమన పద్యాల్లో మాటల వేట

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. వేమన పద్యాల్లో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూసి ప్రాజెక్టు రాయాలి. నా దగ్గర స్కాన్ చేసిన పీడీఎఫ్ ఉంది. ప్రోగ్రామింగ్ రాదు. ‘సాహిత్యానికి కంప్యూటర్ ఎందుకు?’ అంటున్నారు మా గైడ్. ఏం వాడాలి సార్?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ గైడ్ గారికి రాబెర్తో బూసా సంగతి చెప్పండమ్మా. ఇటలీకి చెందిన ఈ క్రైస్తవ గురువు, మధ్యయుగపు తత్వవేత్త థామస్ అక్వినాస్ తత్వంలో ‘సన్నిధి’ అనే భావన మీద పరిశోధన చేశారు. దాని కీలకమంతా లాటిన్‌లో ‘ఇన్’ అనే చిన్న మాటలో ఉందని గమనించారు. అన్ని గ్రంథాల్లో చేత్తో వెతకడం అయ్యే పని కాదని 1949లో యంత్రాల కంపెనీ ఐబీఎం సాయం అడిగారు. చివరికది 56 సంపుటాల పదసూచికగా అచ్చయింది. వెతికి పెట్టడం వరకే యంత్రం పని, అర్థం తేల్చాల్సింది పరిశోధకులే.

మీకు యాంట్‌కాంక్ (AntConc) అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతికి చూపిస్తుంది. ఉచితం, కోడ్ రాయక్కర్లేదు. కానీ దానికి స్కాన్ బొమ్మలు పనికిరావు, టెక్స్ట్ కావాలి. ముందు ఆన్‌లైన్ ఉచిత గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో టెక్స్ట్ ఉందేమో చూడండి. లేకపోతే పీడీఎఫ్‌ని కొన్ని పేజీల చొప్పున విడగొట్టి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని అక్షరాలు టెక్స్ట్‌గా మారతాయి. కానీ తప్పులు వస్తాయి: ప-వ, ధ-థ తారుమారవుతుంటాయి. పుస్తకం పక్కన పెట్టుకుని దిద్దాల్సిందే, ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. తర్వాత తెలుగు అక్షరాలు చెడిపోకుండా యూటీఎఫ్-8 (UTF-8) టెక్స్ట్‌గా సేవ్ చేయండి.

యాంట్‌కాంక్‌లో ఏ గుర్తులు కలిస్తే ఒక మాటో చెప్పే సెట్టింగ్ ‘టోకెన్ డెఫినిషన్’. అందులో ‘లెటర్’తోపాటు ‘మార్క్’ కూడా ఉండేలా చూడండి. గుణింతాలు, పొల్లు, సున్నా యూనికోడ్ లెక్కలో మార్కులే. అవి లేకపోతే ‘ఉప్పు’ కాస్తా ‘ఉప’, ‘ప’ అని రెండు ముక్కలవుతుంది!

పదాల పట్టిక తీయగానే పైన మకుటమే కూర్చుంటుంది. ‘విశ్వదాభిరామ’, ‘వినురవేమ’లను స్టాప్‌లిస్ట్‌లో, అంటే లెక్కలోంచి తప్పించే మాటల జాబితాలో, వేసేయండి.

అసలు చిక్కు సంధి సమాసాలతోనే. వెతికేటప్పుడు * గుర్తు పెడితే అక్కడ ఏ అక్షరాలున్నా సరేనని అర్థం. ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’లో ‘పురుష*’ అని వెతికితే మొదటి మాటే దొరుకుతుంది. ‘*పురుష*’ అంటే రెండూ వస్తాయి. ‘ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు’లో ‘ఒక్క’ కోసం వెతికితే ఎలా వెతికినా దొరకదు, ‘నొక్క*’ అని విడిగా వెతకాలి. ఒక్కో మాటకు ఇలాంటి రూపాలన్నీ ముందే రాసిపెట్టుకోండి.

ఇంకో మాట. వేమన పేరిట ఉన్న పద్యాల సంఖ్య, పాఠం ఒక్కో ప్రచురణలో ఒక్కోలా ఉంటాయి. ప్రాజెక్టులో ఏ లెక్క ఇచ్చినా అది ఏ ప్రచురణలోదో, ఏ సంవత్సరంలోదో పక్కనే రాయండి.