అమ్మకు గిఫ్ట్, గుడికి డొనేట్: కొత్తగా వచ్చినవారికి

చీపురుపల్లి, నరసన్నపేట వైపుల నుంచి అమెరికా వచ్చిన కొత్తవారిలో కొందరు, ఇంటికి డబ్బు పంపే యాప్‌లో ‘దేనికోసం’ అన్న గడి దగ్గర, అమ్మకు పంపే ఇంటిఖర్చుకు కూడా డొనేషన్ అని నొక్కేస్తుంటారు. ఇక్కడివారు డొనేట్ అనే క్రియను గుడికో, బడికో, సేవాసంస్థకో ప్రతిఫలం లేకుండా ఇచ్చేటప్పుడే వాడతారు. కన్నవారికీ తోబుట్టువులకీ ఇచ్చేటప్పుడు గివ్ అనో గిఫ్ట్ అనో అనాలి. రక్తాన్నీ పాత బట్టలనూ కూడా డొనేట్ చేస్తారు. ‘గివ్ హిమ్ మనీ’ అనవచ్చు గాని ‘డొనేట్ హిమ్ మనీ’ అనరు. పుచ్చుకునేవారి ముందు ‘టు’ తప్పనిసరి.

మన వైపు డొనేషన్ అనగానే కాలేజీ సీటుకు కట్టిన సొమ్మే గుర్తుకొస్తుంది. ఇక్కడి పన్నుశాఖ దృష్టిలో బదులుగా ఏదైనా పుచ్చుకుంటే ఆ మేరకు అది డొనేషన్ కాదు. పన్ను మినహాయింపు గుర్తింపున్న తెలుగు సంఘానికి 100 డాలర్లిచ్చి, వారి విందులో 40 డాలర్ల భోజనం చేస్తే, లెక్కలో చూపుకోదగ్గది 60 డాలర్లే. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన ఇచ్చినప్పుడు, బదులుగా ఏ వస్తువూ సేవా ఇవ్వలేదని (ఇస్తే దాని విలువెంతో) రాసిన రసీదు తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే చాలదు.

సొంతూరి రామాలయం ట్రస్టుకు నేరుగా పంపిన విరాళానికి అమెరికా పన్నులో మినహాయింపు రాదు. అంతకన్నా పెద్ద చిక్కు మన దేశపు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంతో. మీకు భారత పౌరసత్వం ఉన్నంతకాలం, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నాక మాత్రం, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. ఆ ట్రస్టుకు చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇవేవీ చూసుకోకుండా పంపితే, జవాబు చెప్పుకోవలసి వచ్చేది ట్రస్టు నడిపే ఊరి పెద్దలు.

గిఫ్ట్ సంగతి తేలికే. అమ్మానాన్నలకు ఎంత ఇచ్చినా దాని మీద వారికి భారతదేశంలో ఆదాయపన్ను పడదు. ఇక్కడ మాత్రం 2025లో ఒక్కొక్కరికి 19,000 డాలర్లు దాటి ఇచ్చినవారు గిఫ్ట్ లెక్క చూపే 709 ఫారం పన్నుశాఖకు దాఖలు చేయాలి, చాలామందికి పన్నేమీ ఉండదు. ట్రస్టు తంటా ఎందుకని డబ్బును మేనమామ ఖాతాలో వేసి, గిఫ్ట్ అని రాసి, ఆయన చేత గుడికి ఇప్పిద్దామనుకునేవారు ఒకటి చూసుకోవాలి: మేనమామ మీకిస్తే బంధువు ఇచ్చినట్టే గాని, మీరు ఆయనకిస్తే భారత ఆదాయపన్ను చట్టం మిమ్మల్ని బంధువుగా లెక్కించదు కనుక, ఏడాదిలో అలాంటి కానుకలు 50,000 రూపాయలు దాటితే మొత్తం సొమ్ము ఆయన ఆదాయంలో కలుస్తుంది.