తప్పయింది అని సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 62. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏ పార్టీలోనూ లేను. మా ఊరి చెరువు శిఖం భూమిలో (చెరువు నీళ్లు నిలిచే జాగాలో) వెంచర్ వేయడం మీద ఒక చిన్న పత్రికలో వ్యాసం రాసి, ఫేస్‌బుక్‌లో కూడా పెట్టాను. అధికార పార్టీ మండల నాయకులు ఇంటి మీదికొచ్చి గొడవ చేశారు. మర్నాడు పోలీసుల నుంచి వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. స్టేషన్‌కి వెళ్తే, ‘తప్పయింది, ఇక రాయను అని సంతకం పెట్టి పో పెద్దాయనా, కేసుండదు’ అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: సంతకం పెట్టకండి. ముందు ఆ మాట చెప్పి, మిగతాది తర్వాత చెప్తాను.

ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తెల్లకాగితం మీద కేసు నంబరుండదు, ఒక్కోసారి తేదీ కూడా ఉండదు. ‘నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను’ అన్న వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇక రాయనని మీ చేత రాయించుకునే అధికారం ఏ చట్టమూ పోలీసులకు ఇవ్వలేదు. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌ను 2015 జనవరిలో నామక్కల్ కలెక్టరేట్‌లో కూర్చోబెట్టి ‘రాజీ’ పేరుతో ఇలాగే క్షమాపణ రాయించారు. తనలోని రచయిత చనిపోయాడని ఆయన ప్రకటించుకున్నాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు, ఆ రాజీకి రచయిత కట్టుబడాల్సిన పని లేదని తేల్చి, ఆయన్ని మళ్లీ రాయమంది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. అయితే అంత పెద్ద రచయితకే ఏడాదిన్నర పట్టిందన్నది కూడా మనం మరవకూడదు.

ఇక నోటీసు సంగతి. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 35(3) కింద, హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అలాగని ఊరుకోవద్దు. ఏ కేసు, ఏ సెక్షన్లు, నన్ను సాక్షిగా పిలిచారా నిందితుడిగానా అని అడుగుతూ స్పీడ్ పోస్టులో జవాబు పంపండి. రసీదు విలువ మీకు ఒకరు చెప్పాల్సింది కాదు. సాక్షిగా అయితే, 60 దాటినవారు కాబట్టి సెక్షన్ 179 ప్రకారం మీ ఇంటికే వచ్చి అడగాలి. నిందితుడిగా సరైన నోటీసు ఇస్తే తప్పకుండా వెళ్లండి, లాయర్ని వెంటబెట్టుకెళ్లండి. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, కారణాలు రాతలో పెట్టకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు.

కేసు పెడతామంటున్నారు కదా, ఏ కేసు? పరువు నష్టం అయితే పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. పరువు పోయిందనుకున్నవాళ్లు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసుకోవాలి. వర్గాల మధ్య చిచ్చు పెట్టారని బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 196 వాడుతుంటారు. చెరువు గురించి రాస్తే వర్గాల మధ్య చిచ్చు ఎలా అవుతుంది? ఒక కవిత మీద గుజరాత్‌లో పెట్టిన ఇలాంటి కేసును సుప్రీంకోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. మాటల్ని గట్టి మనసున్నవాళ్ల కొలతతో చూడాలి గానీ ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్ల కొలతతో కాదంది. ఎఫ్‌ఐఆర్ అంటూ అయితే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 కింద హైకోర్టులో కొట్టేయమని అడగొచ్చు. అరెస్టు భయం నిజంగా ఉంటే ముందస్తు బెయిలు ఉంది.

మీ వైపు నుంచి ఒక జాగ్రత్త. శిఖం భూమి అని రాశారు కాబట్టి పహాణీ (భూమి రికార్డు), ఎఫ్‌టీఎల్ మ్యాపు (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే పటం) నకళ్లు దగ్గర పెట్టుకోండి. ‘ఇది అన్యాయం’ అనడం మీ అభిప్రాయం. ‘ఫలానా ఆయన లంచం తిన్నాడు’ అంటే అది ఆరోపణ, రుజువు అడుగుతారు. వ్యాసంలో అలాంటి వాక్యం ఉంటే లాయర్‌కి ముందే చూపించండి. మీరు రాసింది తప్పని ఆ నాయకులు అనుకుంటే, అదే పత్రికలో జవాబు రాసే హక్కు వాళ్లకూ ఉంది. చోటివ్వమని ఎడిటర్‌ని మీరే అడగండి.

ఇంటి మీదికొచ్చిన గొడవను మాత్రం వదలొద్దు. ఎవరొచ్చారు, ఎన్ని గంటలకు, ఏమన్నారో ఈ రాత్రే గుర్తున్నంత వరకు రాసిపెట్టుకోండి. వాళ్లు బెదిరించి ఉంటే అది బెదిరింపు నేరం కిందికి వస్తుంది. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్లొచ్చు. లాయర్ ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆదాయాన్ని బట్టి ఉచితంగా లాయర్ని ఇస్తారు.