పన్నెండేళ్ల పాపకి ఈ నవల ఇవ్వొచ్చా?

మీ పాపకి పన్నెండు నిండాయని, స్నేహితురాళ్లలో తనొక్కతే ఇంకా పెద్దమనిషి కాలేదని దిగులు పడుతోందని రాశారు. జూడీ బ్లూమ్ నవల ‘ఆర్ యూ దేర్ గాడ్? ఇట్స్ మీ, మార్గరెట్’ ఇవ్వొచ్చా అని అడిగారు. తప్పకుండా ఇవ్వండి. మా అమ్మాయికి నేను పదకొండో ఏటే ఇచ్చాను. కాకపోతే ముందు మీరు చదవండి.

1970లో వచ్చిన నవల ఇది. న్యూయార్క్ నుంచి న్యూజెర్సీకి ఇల్లు మారి ఆరో తరగతిలో చేరిన మార్గరెట్‌కి ఒకటే టెన్షన్, అందరికంటే వెనకబడిపోతానేమోనని. ఆ భయమంతా దేవుడితో చెప్పుకుంటుంది. నాన్నది యూదు కుటుంబం, అమ్మది క్రైస్తవ కుటుంబం, పిల్లకి మాత్రం ఏ మతమూ నేర్పలేదు. అందుకేనేమో, ఆ మాటలు నేస్తంతో చెప్పుకున్నట్టే ఉంటాయి.

మీ పాప మార్గరెట్‌లో తనని చూసుకుంటుంది. నన్ను ఏడిపించింది మాత్రం లారా. క్లాసులో అందరికంటే ముందు ఎదిగిన పిల్ల. ఆమె గురించి పుట్టిన పుకార్లని మార్గరెట్ కూడా నమ్మి, ఒకరోజు మొహం మీదే అనేస్తుంది. నాలుగో తరగతి నుంచే బ్రా వేసుకోవాల్సి వచ్చిందని, అందరూ నవ్వుతుంటే చేతులు అడ్డం పెట్టుకుని తిరగాల్సి వచ్చిందని లారా చెప్పినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ఐదో తరగతిలో నేనూ అంతే. నోటు పుస్తకాలు గుండెకి హత్తుకుని నడిచేదాన్ని. ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని చెప్పి బెంచీ మీదే ఉండిపోయేదాన్ని. ముందు ఎదిగినా కష్టమే, ఆలస్యమైనా కష్టమే అని ఏ పెద్దవాళ్లూ నాకు చెప్పలేదు.

ఇంకో చోట నాన్సీ అనే పిల్ల తనకి పీరియడ్స్ వచ్చేశాయని మార్గరెట్‌కి పోస్ట్‌కార్డు రాస్తుంది. అది అబద్ధమని తర్వాత తెలుస్తుంది. అక్కడికొచ్చేసరికి మా అమ్మాయి పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, “అమ్మా, నేనూ మా వాళ్లకి అలాగే చెప్పాను” అంది. నెలల తరబడి దాచుకుంది పాపం. ఎందుకలా చెప్పావని నేను అడగలేదు. నా నోటు పుస్తకాల సంగతి చెప్పాను. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

పాత ముద్రణ దొరికితే అందులో బెల్టుతో కట్టుకునే ప్యాడ్లు ఉంటాయి. అవేంటో ముందే చెప్పండి, లేకపోతే కంగారు పడుతుంది. ఆడపిల్లల్లో శరీరం మారడం మామూలుగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పీరియడ్స్ 15 నిండినా రాకపోతే అప్పుడు డాక్టర్‌కి చూపించాలి. పన్నెండుకి రాకపోవడం ఆలస్యం కానే కాదు. ఈ మాట పుస్తకం ఇచ్చే ముందే పాపకి చెప్పండి.