పీఎస్‌డీ ఫైల్ వేరే సాఫ్ట్‌వేర్‌లో తెల్లగా కనిపిస్తోందా? ముందు ఈ సేవ్ సెట్టింగ్ చూడండి

మీ ఫైళ్లు పాడవలేదండి, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఫోటోషాప్‌లో చక్కగా తెరుచుకునే పీఎస్‌డీలు (ఫోటోషాప్ సొంత ఫైళ్లు) ఫోటో వ్యూయర్‌లో తెల్లగా వస్తున్నాయనీ, వాటి మీద పలు భాషల్లో ఏదో సందేశం కనిపిస్తోందనీ, అడోబీ వారి ఫోటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ అసలు వాటిని ఇంపోర్ట్ చేసుకోవట్లేదనీ రాశారు. ఈ మూడూ కలిసి వచ్చాయంటే కారణం దాదాపు ఒక్కటే. ఆ ఫైళ్లు సేవ్ అయినప్పుడు ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆపేసి ఉంది.

లేయర్లున్న పీఎస్‌డీలో రెండు సరుకులు ఉండొచ్చు. ఒకటి మీ లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు. రెండోది ఆ లేయర్లన్నీ కలిస్తే వచ్చే బొమ్మ, దాన్నే కాంపోజిట్ అంటారు. మామూలు వ్యూయర్లకు మాస్కులు, బ్లెండ్ మోడ్‌లు, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు లెక్కగట్టి బొమ్మ తయారుచేసుకోవడం రాదు. అవి ఆ కలిపిన బొమ్మనే చదివి చూపిస్తాయి. సెట్టింగ్ ఆపేస్తే ఫోటోషాప్ ఆ బొమ్మ రాయదు, దాని చోట మీరు చూసిన సందేశం పెడుతుంది. తను మాత్రం ఎప్పటికప్పుడు లేయర్ల నుంచే బొమ్మ కట్టుకుంటుంది కాబట్టి అక్కడ ఏ తేడా తెలియదు.

నేను రీటచింగ్ పని చేస్తాను, వేరే వాళ్ల ఫైళ్లు తరచూ నా దగ్గరికి వస్తుంటాయి. ఒకసారి ఒక డిజైనర్ పంపిన ఆల్బమ్ పేజీలు ఇలాగే వచ్చాయి. పేజీలు ఎంచుకోవాల్సిన కుటుంబం దగ్గర ఉన్నది వ్యూయర్ ఒక్కటే. విచిత్రం ఏమిటంటే ఫోల్డర్‌లో చిన్న థంబ్‌నెయిల్స్ అన్నీ బాగానే కనిపిస్తున్నాయి, తెరిస్తే మాత్రం తెలుపు. థంబ్‌నెయిల్ పీఎస్‌డీలో విడిగా దాచి ఉంటుంది, దానికీ కాంపోజిట్‌కీ సంబంధం లేదు. అందుకే థంబ్‌నెయిల్ చూసి ఫైల్ బాగుందని నమ్మకండి. ఒక పేజీని సెట్టింగ్ మార్చి మళ్లీ సేవ్ చేసి అదే వ్యూయర్‌లో తెరిచాను, వెంటనే కనిపించింది. మీరూ ముందు ఒక్క ఫైల్ మీద ఇలా చూసుకోండి.

ప్రిఫరెన్సెస్‌లో ‘ఫైల్ హ్యాండ్లింగ్’ తెరిస్తే ‘మాగ్జిమైజ్ పీఎస్‌డీ అండ్ పీఎస్‌బీ ఫైల్ కంపాటిబిలిటీ’ అని ఉంటుంది (పీఎస్‌బీ అంటే ఫోటోషాప్ పెద్ద ఫైళ్ల రకం). ఆల్వేస్, నెవర్, ఆస్క్ అని మూడు ఎంపికలు. నా మాట వినండి, ఆల్వేస్ పెట్టేయండి. ఆస్క్ పెడితే పని హడావుడిలో ఆ పెట్టె చదవకుండానే నొక్కేస్తాం. ఫైల్ సైజు పెరుగుతుందని చాలామంది దీన్ని ఆపేస్తారు. రెండు మూడు లేయర్ల ఫైల్‌లో ఆ పెరుగుదల కనిపిస్తుంది, బోలెడు లేయర్లున్న దానిలో అంతగా తెలియదు. ఆ కాస్త జాగా కోసం రేపు ఫైల్ ఎవరికీ కనిపించకుండా చేసుకోవడం నాకు సరికాదనిపిస్తుంది. సైజు పెరుగుతుంది కాబట్టి పీఎస్‌డీకి 2 జీబీ హద్దు ఉందన్నది మాత్రం గుర్తుంచుకోండి.

సెట్టింగ్ మార్చినంత మాత్రాన పాత ఫైళ్లు బాగుపడవు, ప్రతిదాన్నీ తెరిచి మళ్లీ సేవ్ చేయాలి. ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద ‘ఇమేజ్ ప్రాసెసర్’ ఈ పనికి బాగుంటుంది. ఫోల్డర్ చూపించి, ‘సేవ్ యాజ్ పీఎస్‌డీ’, దాని కిందనున్న ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ రెండూ టిక్ చేస్తే కొత్త ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. వాటిలో లేయర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకటి రెండు తెరిచి చూసుకునే దాకా పాతవి తీసేయకండి.

టిఫ్ అనే మరో ఫైల్ రకంలో ఈ గొడవ లేదు. ఫోటోషాప్ టిఫ్‌లో కలిపిన బొమ్మే అసలు బొమ్మగా ఉంటుంది, లేయర్లు దానికి అదనంగా చేరతాయి. కాబట్టి టిఫ్ చదవగలిగే వ్యూయర్ దేనిలోనైనా చిత్రం కనిపిస్తుంది. కంప్రెషన్ (ఫైల్‌ని కుదించే పద్ధతి) అడిగినప్పుడు ఎల్‌జెడ్‌డబ్ల్యూ తీసుకోండి, జిప్‌తో సేవ్ చేసినవాటిని కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తెరవవు. 16 బిట్ ఫైల్ (ఒక్కో రంగుకు 16 బిట్లు వాడేది) అయితే ఎల్‌జెడ్‌డబ్ల్యూతో సైజు తగ్గకపోగా పెరగవచ్చు కూడా, అప్పుడు కంప్రెషన్ లేకుండానే సేవ్ చేయండి.

ఇక జేపీఈజీలో రంగులు వెలిసినట్టు వస్తున్నాయని రాశారు కదా, అది వేరే సంగతి. మీ ఫోటో అడోబీ ఆర్‌జీబీ అనే ఎక్కువ రంగులు పట్టే పద్ధతిలో ఉండి, వ్యూయర్ కలర్ ప్రొఫైల్‌ని (ఫైల్‌లోని ఏ అంకె ఏ రంగో చెప్పే సమాచారాన్ని) పట్టించుకోనిదైతే అంకెలన్నీ మామూలు తెరల రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, చర్మం రంగు చప్పబడిపోతుంది. ఎడిట్ మెనూలోని ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’తో ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ప్రొఫైల్ ఎంబెడ్ చేసి సేవ్ చేయండి. దాని పక్కనే ఉండే ‘అసైన్ ప్రొఫైల్’ జోలికి పోవద్దు. అది అంకెలను అలాగే ఉంచి పేరు మాత్రం మారుస్తుంది, కాబట్టి రంగులు చెడతాయి. పనిచేసే పీఎస్‌డీని అడోబీ ఆర్‌జీబీలోనే ఉంచుకోండి, పంపే కాపీని మాత్రమే మార్చండి.

ఇవి చేశాక కూడా ఏదైనా ఫైల్ కనిపించకపోతే, ఇమేజ్ మెనూలోని మోడ్‌లో అది ప్రింటింగ్‌కు వాడే సీఎంవైకే రంగుల్లో ఉందా, 16 లేదా 32 బిట్‌లో ఉందా చూసి ఇక్కడ రాయండి. వాడుతున్న వ్యూయర్ పేరు, వెర్షన్ కూడా చెబితే ఎక్కడ ఆగుతోందో తేలిగ్గా తెలుస్తుంది.