బీఈడీ ఫీజు కట్టే ముందు

చిరంజీవి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి బీఈడీలో చేరతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తనకు టెన్షన్‌గా ఉంది, నాకైతే చాలా సంతోషంగా ఉంది. కాకపోతే ఫీజు కట్టే ముందు ఒక్క పని చెయ్యి. ఏదైనా బడిలో లీవ్ వేకెన్సీలో, అంటే సెలవు మీద వెళ్లిన టీచరు బదులు చేరి కొన్ని నెలలు పాఠాలు చెప్పి చూడు.

2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు అయింది. ఆ తర్వాత 150 మార్కుల టెట్ అనే అర్హత పరీక్ష, సర్కారు బడి కావాలంటే డీఎస్సీ అనే నియామక పరీక్ష. పైగా నీకు చిన్నపిల్లలకు చెప్పాలని ఉందట. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా కొత్తగా టీచరు పోస్టుకు బీఈడీ చెల్లదు, చిన్న తరగతుల టీచర్ల కోసం ఉన్న డీఈడీ డిప్లొమా చేసి ఉండాలి. ఏ వయసు పిల్లల దగ్గర నీ మనసు నిలుస్తుందో తెలిస్తేనే కదా, ఏ కోర్సులో చేరాలో తేలేది!

టీచరు ప్రసూతి సెలవు పెడితే చట్టప్రకారం 26 వారాల దాకా ఉంటుంది. అన్నాళ్లు క్లాసును వదిలేయలేరు కాబట్టి బడివాళ్లు మనిషి కోసం చూస్తుంటారు. బయోడేటా పట్టుకుని నేరుగా హెడ్మాస్టర్‌తో మాట్లాడు. బీఈడీ లేదని ముందే చెప్పు. జీతం తక్కువే ఉంటుంది. అది నెలకా, పీరియడ్‌కా, రోజుకు ఎన్ని పీరియడ్లు అన్నది కాగితం మీద రాయించుకో. సర్టిఫికెట్లు జిరాక్సులే ఇవ్వు. ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకుంటామంటే ఆ బడి వద్దు. మీ ఆఫీసులో జీతం లేని సెలవు దొరుకుతుందేమో అడిగి చూడు, రాజీనామా సంగతి తర్వాత.

చేరగానే సెలవులో ఉన్న టీచరుకు ఫోన్ చెయ్యి. పాఠం ఎక్కడ ఆగిందో డైరీలో ఉంటుంది. ఏ పిల్ల నోరు తెరవదో, ఎవరికి బోర్డు కనబడదో ఆవిడకే తెలుసు.

నేనూ లీవ్ వేకెన్సీలోనే మొదలుపెట్టాను. లెక్కల మేడమ్‌కు టైఫాయిడ్ వస్తే ఆవిడ బదులు ఏడో తరగతికి వెళ్లాను. బోర్డు నిండా భిన్నాల కూడికలు చేసి చూపించాను, అందరూ తలలూపారు. మర్నాడు నోటుబుక్కులు దిద్దుతుంటే, సగం మందికి పైగా 1/2కి 1/3 కలిపితే 2/5 అని రాశారు. పైవి పైవి, కిందవి కిందవి కూడేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే రెండు దిబ్బరొట్టెలు వేసుకుని వెళ్లి, ఒకదాన్ని సగానికి, ఇంకోదాన్ని ఐదు ముక్కలుగా కోశాను. ఈ సగం ఎక్కువా, ఆ ఐదింట్లో రెండు ముక్కలు ఎక్కువా అని అడిగాను. సగమే ఎక్కువన్నారు. వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "మరి కలిపితే తగ్గిపోయిందేంటి టీచర్?" అన్నాడు. ఇక ఈ పనిలోనే ఉండిపోవాలని నాకప్పుడే అనిపించింది.

అందుకే మొదటి రెండు వారాల్లో ఏ నిర్ణయానికీ రాకు. గొంతు పోతుంది, కాళ్లు లాగుతాయి, "మా మేడమ్ ఇలా చెప్పలేదు" అంటారు. అది అందరికీ అయ్యేదే. యూనిట్ టెస్ట్ పేపర్లు చేతికొచ్చాక చూసుకో. తప్పు కనబడగానే ఎర్ర పెన్నుతో కొట్టేసి ముందుకెళ్లాలనిపిస్తోందా, ఈ పిల్ల ఇలా ఎందుకనుకుందో పిలిచి అడగాలనిపిస్తోందా? అడగాలనిపిస్తే నాకు చెప్పు, బీఈడీ ఫీజులో సగం నేను కడతాను.

దసరా సెలవులకు వస్తావుగా, దిద్దాల్సిన పేపర్లు తెచ్చుకో. వరండాలో కూర్చుని ఇద్దరం చూద్దాం.

నీ పెద్దమ్మ