డబుల్ బేస్ పట్టిన మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

బేస్ గిటార్ పక్కనపెట్టి, నిలబెట్టి వాయించే ఆ పెద్ద తీగవాయిద్యం డబుల్ బేస్ పట్టావనీ, జాజ్‌తోనే బతుకుతానంటున్నావనీ అక్కయ్య ఫోన్లో చెప్పింది. ఆవిడ బెంగ తెలుసు, నీ పట్టుదలా తెలుసు. ఇన్నేళ్లుగా ఆ వాయిద్యాన్ని మోస్తున్నవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

సోలో కోసం ఇప్పుడే ఆరాటపడకు. బేసిస్టుకి మళ్లీ పిలుపొచ్చేది, అతను వెనకుంటే తక్కినవాళ్లు హాయిగా వాయించుకోగలిగారని. జాజ్ బేసిస్టు రాన్ కార్టర్‌నే చూడు. చెల్లోతో మొదలుపెట్టాడు. నల్లవాళ్లకి సింఫనీ ఆర్కెస్ట్రాల్లో చోటు దొరకని రోజులవి. బేస్‌కి మారి, 1963 నుంచి 1968 దాకా ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ క్వింటెట్‌లో, అంటే ఐదుగురి బృందంలో ఉన్నాడు. 2015లో గిన్నిస్ వాళ్లు లెక్క తేలిస్తే ఆయన వాయించిన రికార్డింగులు 2,221. వాటిలో ఎక్కువ భాగం వేరేవాళ్ల పేరు మీద వచ్చినవే. బేసిస్టుకి అంతకు మించిన గౌరవం లేదంటాను.

తక్కినవాళ్లకి మన మీద నమ్మకం వాకింగ్‌లో పుడుతుంది. బీటుకో స్వరం, బార్‌కి (ఒక ఆవర్తానికి) నాలుగు, అంతే. కానీ నాలుగోదే కీలకం. ఎఫ్ స్వరం ఆధారంగా సాగే బ్లూస్ తీసుకో. నాలుగో బార్‌లో ఎఫ్, ఏ, సి, బి వాయించి, ఐదో బార్ మొదటి బీటుకి బి ఫ్లాట్ మీద దిగు. ఆ బి ఉందే, కొత్త కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) రాబోతోందని పియానోకి ముందే కబురు పెడుతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని రెండు, నాలుగు బీట్ల మీదే మోగనిచ్చి, నెమ్మదిగా సాధన చెయ్యి. వేగంగా వాయించడం కంటే నెమ్మదిగా వాయిస్తూ లయ జారకుండా చూసుకోవడమే కష్టం.

రోజూ కాసేపు కమానుతో వాయించు. గిటార్‌కి ఉన్నట్టు స్వరస్థానాలు చూపే ఫ్రెట్లు లేవు కదా, వేలితో మీటితే అపశ్రుతి కొంత దాగుతుంది, కమాను దాన్ని దాచనివ్వదు. మన శ్రుతిపెట్టె పెట్టుకుని ఒక్కో స్వరం దీర్ఘంగా లాగు.

స్వరాలు కాగితం మీద చూసి అప్పటికప్పుడు వాయించడం నేర్చుకో, ఇల్లు గడిచేది దానివల్లే. బేసిస్టు మిల్ట్ హింటన్, గాయకుడు క్యాబ్ క్యాలోవే నడిపిన బృందంలో 1936 నుంచి 1951 దాకా వాయించి, తర్వాత న్యూయార్క్ స్టూడియోల్లో అడిగిందల్లా వాయించి దర్జాగా బతికాడు.

ఒంటిని మాత్రం నిర్లక్ష్యం చెయ్యకు. రాన్ కార్టర్ కంటే ముందు మైల్స్ దగ్గర వాయించిన పాల్ చేంబర్స్ 1969లో, 33 ఏళ్లకే క్షయతో పోయాడు. మందు, హెరాయిన్ అప్పటికే ఆయన్ని పీల్చేశాయి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కచేరీ అవగానే తిని పడుకో. వేళ్లకి బొబ్బలొస్తే చిదపకు, ఆరనివ్వు.

చలికాలంలో హీటర్ వేస్తే గదిలో తేమ పోయి బేస్ పై చెక్క పగులుతుంది, చూసుకో. అక్కయ్యతో నేను మాట్లాడతాలే.

ఇట్లు,
మామయ్య